‘తప్ప’ అన్న ఒక్క మాట వెనక: జువాలజీ లెక్చరర్లకు బహిరంగ లేఖ

తెలుగు రాష్ట్రాల జూనియర్ కాలేజీల్లో, నీట్ కోచింగ్ సెంటర్లలో జువాలజీ చెప్తున్న తోటి లెక్చరర్లకు,

నమస్కారం.

ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి బయాలజీలో ఆవరణ వ్యవస్థ పాఠం మనందరికీ నోటికి వచ్చిందే. శక్తి ప్రవాహం దగ్గర ఒక వాక్యం ఉంటుంది. లోతు సముద్రంలోని హైడ్రోథర్మల్ ఆవరణ వ్యవస్థ తప్ప, భూమ్మీద మిగతా అన్ని వ్యవస్థలకూ సూర్యుడే శక్తికి మూలం అని దాని భావం. దాన్ని మనం ఎలా చెప్తామో కూడా మీకు తెలుసు. ‘ఎక్సెప్ట్’ కింద గీత గీయిస్తాం, పక్కన స్టార్ పెట్టిస్తాం, "దీని మీద బిట్ వస్తుంది, మర్చిపోకండి" అంటాం, తర్వాతి పేరాకి వెళ్లిపోతాం. పది శాతం నియమం చెప్పాలి, పిరమిడ్లు గీయాలి, వీకెండ్ టెస్టు లోపు చాప్టర్ అవ్వాలి. పదహారేళ్లుగా నేనూ అలాగే చెప్పాను.

కిందటేడు రెండో వరసలో కూర్చునే ఒకమ్మాయి లేచింది. "ఆ ఎక్సెప్ట్‌లో ఎవరున్నారు మేడం?" అంది. నాకు తెలిసిన నాలుగు ముక్కలు చెప్పాను. సముద్రం అడుగున వేడినీటి బుగ్గలు, గంధకంతో బతికే బ్యాక్టీరియా, వాటిని తినే గొట్టపు పురుగులు. "నోటితోనే తింటాయా?" అంది. "ఆఁ" అన్నాను. ఇంటికెళ్లి చదువుకుంటే తెలిసింది, ఆ పురుగుకి నోరే లేదని. మర్నాడు క్లాసులో తప్పు ఒప్పుకున్నాను. ఆ తర్వాత నెల రోజుల పాటు ఆ పురుగు నన్ను వదల్లేదు.

సిలబస్ మార్చమని ఈ ఉత్తరం రాయడం లేదు. అది మన చేతిలో లేదు. నేనడిగేది ఒక్క పీరియడ్. ఖండాలున్న పురుగుల వర్గం అనెలిడాలో నీరిస్ అనే సముద్రపు పురుగు, వానపాము, జలగ అయిపోయాక, తర్వాతి వర్గానికి వెళ్లే ముందు, రిఫ్టియా పాకిప్టైలా అనే ఆ గొట్టపు పురుగుకి ఒక్క పీరియడ్ ఇవ్వండి. ఎందుకో చెప్తాను. కొంచెం పెద్ద ఉత్తరమే అవుతుంది, ఓపిక పట్టండి.

1977 ఫిబ్రవరిలో గాలపాగోస్ దీవుల దగ్గర, పసిఫిక్ సముద్రం అడుగున భూమి పైపొర పలకలు విడిపోయే చోట వేడినీళ్లు ఉబుకుతున్నాయా లేదా అని చూడ్డానికి ఒక ఓడ వెళ్లింది. దాని పేరు నార్. అందులో ఉన్నది భూగర్భ శాస్త్రవేత్తలు, రసాయన శాస్త్రవేత్తలు. జీవశాస్త్రం వాళ్లు ఒక్కరూ లేరు, అవసరం అవుతారని ఎవరూ అనుకోలేదు. ముందు ఒక కెమెరా బండిని తాడు కట్టి కిందికి దింపారు. అది తీసిన 3,000 ఫొటోల్లో, నీటి వేడి కాస్త పెరిగిన చోట తీసిన 13 ఫొటోల్లో మాత్రం ఆల్చిప్పలు గుట్టలుగా కనిపించాయి. మర్నాడు ఆల్విన్ అనే చిన్న జలాంతర్గామిలో ముగ్గురు దిగారు. సుమారు 2,500 మీటర్ల లోతు, కటిక చీకటి, మన మీదుండే గాలి ఒత్తిడికి 250 రెట్లు. అక్కడ జీవం కిటకిటలాడుతోంది. తర్వాత దిగినప్పుడు ఇంకో చోట తెల్లటి గొట్టాల్లోంచి ఎర్రటి కుచ్చులు బయటికి చాపుకుని నిలబడ్డ పురుగుల తోటే కనిపించింది. ఆ చోటికి ఈడెన్ తోట అని పేరు పెట్టారు. జంతువులు దొరుకుతాయని అనుకోలేదు కాబట్టి ఓడలో ఫార్మాలిన్ కొంచెమే ఉంది. అది అయిపోయాక పనామాలో కొనుక్కున్న రష్యన్ వోడ్కాలో వేశారు. ఈ ముక్క చెప్పినప్పుడు మా వెనక బెంచీ మొత్తం నిద్ర లేచింది.

ఇంకొకటి. కింద నుంచి తెచ్చిన నీళ్ల సీసాల మూతలు తియ్యగానే ఓడలో కుళ్లిన గుడ్ల కంపు కొట్టింది. కెమిస్ట్రీ ల్యాబులో కిప్ పరికరం దగ్గర నిలబడ్డ ఎవరికైనా ఆ కంపు తెలుసు. హైడ్రోజన్ సల్ఫైడ్. ఎక్కువ పీలిస్తే మనిషి చచ్చిపోతాడు, సయనైడ్ లాగే కణశ్వాసలో చివరి ఎంజైమును పట్టేస్తుంది. ఆ పురుగుల కుచ్చుల చుట్టూ ఆడుతున్నది ఆ విషం కలిసిన నీళ్లే.

ఇక శరీర నిర్మాణం. దీన్ని బోర్డు మీద గీస్తే పిల్లలకి ఎక్కదు, ఎందుకంటే సైజు తెలియదు. నేను హార్డ్‌వేర్ షాపుకెళ్లి రెండంగుళాల పీవీసీ పైపు అయిదడుగుల ముక్క కోయించాను. లావు దాదాపు సరిపోయింది. పొడవులో మాత్రం ఇది ఓ మోస్తరు పురుగే, పెద్దవాటి గొట్టాలు రెండు మీటర్ల పైనే ఉంటాయి. పైపు ఒక చివర మూసేశాను, అసలు గొట్టానికీ అడుగు మూసే ఉంటుంది. పై చివర ఎర్ర రిబ్బన్ల గుత్తి. ఆ గొట్టం కైటిన్, ప్రోటీన్లతో పురుగు తనే స్రవించి కట్టుకున్నది. కీటకాల పెంకు దగ్గర మనం చెప్పే కైటినే.

పైన ఎర్రగా కనిపించే కుచ్చు మొప్పల పని చేస్తుంది. దాని నడుమ గట్టి కాడ ఒకటి ఉంటుంది. పీతో చేపో కొరకడానికి వస్తే పురుగు చటుక్కున లోపలికి లాక్కుంటుంది, ఆ కాడ కొస బిరడాలా గొట్టం మూతికి అడ్డుపడుతుంది. దాని కింద కండ పట్టిన మెడపట్టీ లాంటి భాగం, వెస్టిమెంటమ్. గొట్టానికి ఆనుకుని పురుగుని నిలబెట్టేది అదే, గుండె, మెదడు ఉండేదీ అందులోనే. ఆ కింద శరీరంలో ఎక్కువ పొడవు ఆక్రమించే మొండెం. మొండెం నిండా ట్రోఫోసోమ్ అనే మెత్తటి కణజాలం. అట్టడుగున కురచ తోక, దానికి ఖండాలు, ఖండాలకి శూకాలు, అంటే బిరుసు వెంట్రుకలు. ఆ తోక సంగతి కాసేపట్లో చెప్తాను, కథంతా అక్కడే ఉంది.

నోరు లేదు. పేగు లేదు. పాయువు లేదు. "మరి ఎలా?" అని క్లాసు అడగాలి. అడిగేదాకా ఆగండి, అడుగుతారు.

ఆ ప్రశ్నకి జవాబు దొరికిన తీరు కూడా చెప్పి తీరాలి. ఈ పురుగుకి పేరు పెట్టి 1981లో వర్ణించిన మెరెడిత్ జోన్స్ స్మిత్‌సోనియన్ మ్యూజియం శాస్త్రవేత్త. అంతకు ముందు సంవత్సరం ఆయన హార్వర్డ్‌లో పాఠం చెప్తూ, ట్రోఫోసోమ్‌లో గంధకం స్ఫటికాలు కనిపించాయని మాటవరసకి అన్నాడు. అక్కడ కూర్చున్న మొదటి సంవత్సరం పరిశోధక విద్యార్థిని కొలీన్ కవనా లేచి, అయితే దాని లోపల గంధకాన్ని ఆక్సీకరణం చేసే బ్యాక్టీరియా ఉండాలి కదా అంది. ఆయన నుంచి కణజాలం ముక్క తీసుకుని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూపించింది. ఒక గ్రాము ట్రోఫోసోమ్‌లో వందల కోట్ల బ్యాక్టీరియా. అదే 1981లో హోర్స్ట్ ఫెల్‌బెక్ ఆ కణజాలంలో రుబిస్కో ఎంజైముని కనిపెట్టాడు. ఒక జంతువు ఒంట్లో రుబిస్కో! పక్క గదిలో బాటనీ సార్ కాల్విన్ వలయం దగ్గర చెప్పే, మొక్కల్లో కార్బన్ డయాక్సైడ్‌ని పట్టే ఎంజైమే. ఈ రెండు పీరియడ్లూ ఒకే రోజు పడేలా టైం టేబుల్ సర్దుకోగలిగితే పిల్లల మొహాలు చూడాలి.

పని జరిగే తీరు ఇది. కుచ్చు నీళ్లలోంచి సల్ఫైడ్, ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటుంది. రక్తం వాటిని మొండెంలోకి మోసుకుపోతుంది. బ్యాక్టీరియా సల్ఫైడ్‌ని ఆక్సీకరణం చేసి, ఆ శక్తితో కార్బన్ డయాక్సైడ్‌ని ఆహారంగా మారుస్తుంది. అందులో కొంత బయటికి వదులుతుంది, దాన్ని పురుగు కణాలు అందుకుంటాయి. ముసలిదైన బ్యాక్టీరియాని పురుగు తన కణాల్లోనే అరిగించుకుంటుంది. కాబట్టి "బ్యాక్టీరియాని తింటుంది" అన్న నా జవాబు పూర్తిగా తప్పు కాదు, సగం తప్పు. నేను చూసిన ఒకటి రెండు నోట్సుల్లో ఇంకో తప్పు ఉంది. ఈ పురుగు 400 డిగ్రీల నీళ్లలో బతుకుతుందని. బతకదు. దాదాపు 380 డిగ్రీల నీళ్లు చిమ్మే నల్లపొగ గొట్టాలు 1979లో ఇంకో చోట దొరికిన మాట నిజమే. రిఫ్టియా ఉండేది మాత్రం చల్లటి సముద్రపు నీళ్లు, గోరువెచ్చటి బుగ్గ నీళ్లు కలిసే చోట. మనం స్నానానికి పెట్టుకునే నీళ్లంత వేడి కూడా ఉండదు.

రక్తం దగ్గర మాత్రం పరుగెత్తకండి. వానపాము రక్తం ఎర్రగా ఉంటుంది, కానీ హీమోగ్లోబిన్ కణాల్లో కాదు, ప్లాస్మాలో కరిగి ఉంటుందని మనం ఏటా చెప్తాం, ఏటా బిట్ ఇస్తాం. రిఫ్టియాలోనూ అంతే, హీమోగ్లోబిన్ ద్రవంలో తేలే పెద్ద అణువు. తేడా ఏమిటంటే, దీని హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ని ఒక చోట, సల్ఫైడ్‌ని ఇంకో చోట పట్టుకుని రెండిటినీ ఒకేసారి మోస్తుంది. ఆ రెండూ విడిగా కలిస్తే వాటంతట అవే చర్య జరుపుకుని పనికిరాకుండా పోతాయి, సల్ఫైడ్ విడిగా తిరిగితే కణాలు చచ్చిపోతాయి. పులినీ మేకనీ ఒకే పడవలో గట్టు దాటించినట్టు దాటిస్తుంది. వానపాము బిట్ ఎందుకు గుర్తుపెట్టుకోవాలో అప్పుడు తెలుస్తుంది పిల్లలకి. అది వానపాము వింత కాదు, ఆ కుటుంబం మొత్తానికి వారసత్వంగా వచ్చిన పనిముట్టు.

కుటుంబం అన్నాను కదా. ఇప్పుడు తోక.

నాలాగా పాత సిలబస్‌లో ఎమ్మెస్సీ చేసినవాళ్లకి పోగోనోఫోరా అనే చిన్న వర్గం గుర్తుండే ఉంటుంది. ‘గడ్డం ఉన్నవి’ అని దాని అర్థం. దారం లాంటి సన్నని లోతు సముద్రపు పురుగులు, నోరూ పేగూ లేనివి. 1914లో మోరిస్ కోలరీ మొదటిదాన్ని వర్ణించాడు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక జువాలజిస్టులు యాభై ఏళ్లు తలలు పట్టుకున్నారు. కొందరు మన వెన్నెముక జీవుల దగ్గరి చుట్టాల పక్కన కూడా కూర్చోబెట్టారు. అసలు ఇబ్బంది ఏమిటంటే, బురదలోంచి పైకి లాగినప్పుడల్లా తోక తెగి కిందే ఉండిపోయేది. అందరూ చూసింది తోక లేని పురుగునే. 1964లో తోకతో సహా పూర్తి పురుగు దొరికింది. ఆ తోకలో ఖండాలు, ఖండాలకి శూకాలు. అనెలిడా ముద్ర! ఆ తర్వాత రిఫ్టియా దొరికితే దీనికి వెస్టిమెంటిఫెరా అని ఇంకో వర్గం కట్టారు. చివరికి డీఎన్ఏ పోలికలు వచ్చాక రెండు వర్గాలూ కూలిపోయాయి. ఇప్పుడివన్నీ అనెలిడాలో సిబోగ్లినిడే అనే ఒక్క కుటుంబం. ఆ పేరు కోలరీ 1914లో పెట్టిందే.

అంటే మన ల్యాబు బీరువాలో, లేబుల్ సగం చిరిగి, ఫార్మాలిన్ పసుపెక్కిన సీసాలో ఉన్న నీరిస్‌కి ఇది చుట్టం. శూకాలు, ఖండాలు అని మనం రికార్డులో గీయించే లక్షణాలు రెండు మార్కుల కోసం కాదు, రెండు వర్గాలను కొట్టేసిన సాక్ష్యం అని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు ఇంకోటి తెలియదు.

పురుగు పుట్టుక గురించి రెండు మాటలు. గుడ్డులో బ్యాక్టీరియా ఉండదు. పిల్ల పురుగు బుగ్గ దగ్గర కుదురుకున్నాక చుట్టుపక్కల నీళ్లలోని బ్యాక్టీరియా దాని చర్మం గుండా లోపలికి వెళ్తుంది. ఈ సంగతి 2006లో తేలింది. అంతకు ముందు, చిన్నప్పుడు కాసేపు ఉండే నోటి గుండా వెళ్తుందని అనుకునేవారు. అవును, చిన్నప్పుడు నోరూ పేగూ ఉంటాయి, తర్వాత పోతాయి. పురుగు చచ్చిపోయాక ఆ బ్యాక్టీరియాలో కొన్ని మళ్లీ సముద్రంలోకి వెళ్లిపోతాయి. సహజీవనం బిట్లలో శిలీంధ్రం, శైవలం కలిసి బతికే లైకెన్ ఒక్కటే ఎందుకు, ఇదీ చెప్పొచ్చు.

ఇక విస్తరణ. జాగ్రఫీ గదిలోంచి ప్రపంచ పటం తెచ్చి గోడకి తగిలించాను. కాలిఫోర్నియా సింధుశాఖలోని గ్వాయ్‌మస్ బేసిన్ దగ్గర వేలు పెట్టి, తూర్పు పసిఫిక్ రైజ్ అనే సముద్రం అడుగు కొండల వరస మీదుగా భూమధ్యరేఖ దాటి దక్షిణంగా 30 డిగ్రీల అక్షాంశం పైగా వెళ్లండి. మధ్యలో తూర్పుకి చీలితే గాలపాగోస్ రిఫ్ట్. రిఫ్టియా రాజ్యం అంతే. ఇంకాస్త ఉత్తరాన, వాషింగ్టన్ తీరం ఎదురుగా ఉన్న హువాన్ డి ఫూకా కొండల వరస మీద రిఫ్టియా లేదు, దాని దాయాది రిడ్జియా ఉంది. ఒకప్పుడు ఈ రెండు వరసలూ ఒకటే. ఉత్తర అమెరికా పలక మధ్యలో ఎక్కి కూర్చోవడంతో విడిపోయాయి. అట్లాంటిక్ బుగ్గల దగ్గరికి వెళ్తే రిఫ్టియా లేదు, కళ్ల బదులు వీపు మీద వెలుతురు పసిగట్టే అవయవం ఉన్న రొయ్యలు గుంపులుగా ఉంటాయి. హిందూ మహాసముద్రంలో ఇనుప పొలుసుల నత్త. దాన్ని గనుల తవ్వకం ముప్పు వల్ల అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ 2019లో ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చింది.

బుగ్గలు ఒకదానికొకటి ఆనుకుని ఉండవు. పది, వంద కిలోమీటర్ల ఎడం ఉండొచ్చు. పురుగు కదలదు కాబట్టి ప్రయాణమంతా లార్వాదే. తిండి లేకుండా, తల్లి ఇచ్చిన సొన మీదే, రెండు డిగ్రీల చలినీళ్లలో అది సుమారు 38 రోజులు బతకగలదని లెక్క కట్టారు. ఆ లోపు ఇంకో బుగ్గ తగలాలి. తగలకపోతే అంతే. వేసవిలో చెరువులు ఎండినా తొలకరి వానకి గుంటల్లో కప్పలు ఎక్కణ్ణుంచో వచ్చినట్టు, ఇవీ ఎక్కణ్ణుంచో వస్తాయి. 1991 ఏప్రిల్‌లో తూర్పు పసిఫిక్ రైజ్ మీద 9 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఆల్విన్‌లో దిగినవాళ్లకి అప్పుడే పొంగిన లావా, కాలిన పురుగుల కళేబరాలు కనిపించాయి. ఆ చోటికి పురుగుల బార్బెక్యూ అని పేరు పెట్టారు (శాస్త్రవేత్తల హాస్యం ఒక్కోసారి మన స్టాఫ్ రూం హాస్యం లాగే ఉంటుంది). మరుసటి ఏడు అక్కడికి టెవ్నియా అనే చిన్న గొట్టపు పురుగు జాతి చేరింది. 1993 డిసెంబరుకల్లా రిఫ్టియా మీటరున్నర ఎత్తు పెరిగి నిలబడింది. ఏడాదికి 85 సెంటీమీటర్ల పైనే. వెన్నెముక లేని సముద్ర జీవుల్లో ఇంత వేగంగా పెరిగేది ఇంకోటి కనిపించలేదు. దీని చుట్టమే, మెక్సికో సింధుశాఖలో మీథేన్ ఊరే చోట ఉండే లామెల్లిబ్రాకియా రెండు మీటర్లు పెరగడానికి 170 ఏళ్లకు పైగా తీసుకుంటుంది. బుగ్గ ఎప్పుడు ఆరిపోతుందో తెలియని పురుగుకి తొందర, నిదానంగా ఊరే చోట ఉన్నదానికి తీరిక.

2023లో తూర్పు పసిఫిక్ రైజ్ మీద ఆ లావా పొంగిన ప్రాంతంలోనే శాస్త్రవేత్తలు రోబో చేతితో లావా పెంకు ఎత్తి చూస్తే, కింద ఖాళీల్లో కూడా ఈ పురుగులు బతుకుతున్నాయి. లార్వాలు నేల కింది నీళ్ల దారుల్లోనూ ప్రయాణిస్తాయేమో అని ఇప్పుడు అనుకుంటున్నారు. మన పటంలో విస్తరణకి లోతు అనే కొలత ఒకటి కొత్తగా చేరింది.

పిల్లల కళ్లు పటంలో బంగాళాఖాతం మీదే ఉంటాయి, మన దగ్గర లేవా అని. రిఫ్టియా లేదు. కానీ మన కృష్ణా గోదావరి బేసిన్‌లో, సుమారు 1,750 మీటర్ల లోతున, మీథేన్ ఊరే చోట గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ వాళ్లు ఆల్చిప్పలతో పాటు సిబోగ్లినిడే కుటుంబానికే చెందిన సన్నని గొట్టపు పురుగులను పైకి తెచ్చారు. మచిలీపట్నం, కాకినాడ పిల్లలకి ఇది చెప్పకుండా ఎలా ఉంటాం?

ఇంతా చెప్పాక ఆ రెండో వరస అమ్మాయి మళ్లీ లేచింది. "సల్ఫైడ్‌ని ఆక్సీకరణం చెయ్యాలంటే ఆక్సిజన్ కావాలి కదా మేడం. చీకట్లో మొక్కల్లేవు. ఆ ఆక్సిజన్ ఎక్కడిది?"

నిజమే. ఆ ఆక్సిజన్ పైనుంచి వచ్చిందే. ధ్రువాల దగ్గర చల్లబడి బరువెక్కిన నీళ్లు ఆక్సిజన్‌ని కరిగించుకుని మునిగి, సముద్రం అడుగంతా మెల్లగా పాకుతాయి. ఆ ఆక్సిజన్‌ని తయారు చేసింది ఎండలో మొక్కలు, శైవలాలు. అంటే సూర్యుడితో సంబంధం లేదని మనం స్టార్ పెట్టించిన పురుగు కూడా ప్రతి ఊపిరికీ సూర్యుడికి బాకీ. శక్తికి మూలం సల్ఫైడ్ అన్నది ఒప్పే, కాబట్టి బిట్‌కి జవాబు మారదు. పరీక్షలో పుస్తకంలో ఉన్నదే పెట్టమని మా పిల్లలకీ చెప్పాను. అయితే ఆ ‘తప్ప’ అంత గట్టి గోడ కాదని కూడా చెప్పాను. ఆక్సిజన్ అవసరమే లేకుండా, హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్లతో మీథేన్ చేసుకు బతికే సూక్ష్మజీవులు ఆ బుగ్గల్లోనే ఉన్నాయి. సూర్యుడి అవసరం లేనివారెవరో వెతకాలంటే వాటిని చూడాలి.

మీరు క్లాసులో చెప్పేటప్పుడు ఈ ఆక్సిజన్ సంగతి ముందే చెప్పెయ్యకండని నా మనవి. బెల్ కొట్టే ముందు ప్రశ్న వదిలి వెళ్లిపోండి. మర్నాడు ఎంతమంది ఆలోచించుకొస్తారో నాకూ తెలియజేయండి. టైం లేదంటారా, ఆదివారం స్టడీ అవర్‌లో అరగంట చాలు. ప్రిన్సిపాల్ అడిగితే అనెలిడా రివిజన్ అనండి, అబద్ధమేమీ కాదు.

పైపు మా ల్యాబులో నీరిస్ సీసా ఉన్న బీరువా పక్కనే నిలబెట్టి ఉంది. స్కెచ్ పెన్నుతో నాలుగు భాగాలూ గుర్తు పెట్టి ఉన్నాయి. దగ్గరి ఊళ్ల వాళ్లు ఎవరైనా పట్టుకెళ్లొచ్చు. రిబ్బన్లు మాత్రం జాగ్రత్తగా తిరిగి ఇవ్వండి, అవి ఆ అమ్మాయివి.

ఇట్లు,
మీలో ఒక జువాలజీ లెక్చరర్